కుదురు తీసిన మోకాలు

ఇప్పుడు మోకాలికి ఆపరేషన్ అంటే సన్నటి గొట్టం లోపలికి పంపి, తెర మీద చూసుకుంటూ, ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండును చిరిగినంత మేరకే కత్తిరించి బయటికి వస్తున్నారట. ఫిజియోథెరపీ చదువుతున్న ఒక అమ్మాయి, మా మనవరాలి స్నేహితురాలు, నాకీ సంగతి చెప్పి, "మీ కాలంలో ఎలా చేసేవారు తాతయ్యా?" అని అడిగింది. మొత్తం తీసేసేవాళ్ళు అన్నాను. ఆ పిల్ల నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూసింది. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండడం నాకు కొత్త కాదు. సర్వీసంతా ఆ పేరుతోనే నెట్టుకొచ్చాను. కానీ ఇంటికొచ్చిన పిల్లను కసురుకుంటే బాగుండదు కాబట్టి నోరు మూసుకుని, చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. మీరూ ఆ వయసువాళ్ళే అయితే ఆమెతో పాటు చదవండి.

మాది వెంకటాచలం దగ్గర పల్లె. ఇంటిల్లిపాదిదీ వరి సేద్యం. నేనొక్కణ్ణే బొంబాయి పోయి, అప్పుడే కొత్తగా వస్తున్న ఈ ఫిజియోథెరపీ చదువు చదువుకొచ్చాను. ఊళ్ళో ఎవరైనా అడిగితే మా నాయన, "ఏముందిలే, కాళ్ళు పిసికేది నేర్చుకొనొచ్చినాడు. దానికి బొంబాయి దాకా పోవాల్నా? వాళ్ళమ్మ ఇంట్లో నాకు రోజూ పిసకతానే ఉండాది" అనేవాడు. యాభైల చివర్లో నెల్లూరులో ఒక ఆస్పత్రిలో చేరాను. నాకిచ్చిన గది అంతకుముందు విరిగిన మంచాలు పడేసే గది. మంచాలు తీసి నన్ను పెట్టారు. నా దగ్గరున్నవి ఒక కప్పీ, నాలుగు ఇసుక సంచులు, మైనం కరిగించే గిన్నె. నా పనేమిటో చాలామందికి అర్థం కాలేదు. వార్డులో కుర్చీ కాలు ఊడితే నా గదికే పంపేవాళ్ళు. విరిగినవన్నీ అక్కడికే గదా పోవాల్సింది అని వాళ్ళ లెక్క.

మా సర్జన్ గారు చేయి తిరిగిన మనిషి. మాట తక్కువ, కోత చక్కన. ఆయనకొక అలవాటు ఉండేది. లోపలి నుంచి ఏది తీసినా, రాయి కానీ గడ్డ కానీ, దాన్ని ఎనామెల్ పళ్ళెంలో పెట్టించి తానే స్వయంగా వరండాలోకి వచ్చి బంధువులకు చూపించేవారు. "కళ్ళారా చూస్తే నమ్ముతారయ్యా. లేకపోతే కోసి కుట్టి పంపించారంటారు" అనేవారు. అందులో నిజముంది. ఆ పళ్ళేన్ని చూసి దండం పెట్టినవాళ్ళను నేనెరుగుదును. ఈ కథంతా ఆ పళ్ళెం దగ్గరే మొదలైంది.

ఒక ఏడాది, వానలు పట్టడానికి ఇంకా కొద్ది రోజులున్నాయనగా, వాకాడు అవతల సముద్రం ఒడ్డున ఉండే ఒక జాలర్ల కుప్పం నుంచి ఒక పల్లెకారును తీసుకొచ్చారు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఒడ్డు మీద నిలబడి వల లాగుతుండగా కాలు ఇసుకలో దిగబడిందట. ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. లోపల ఏదో టప్పుమంది. అప్పటి నుంచి కాలు చాచుకోదు, ముడుచుకోదు, మధ్యలో బిగిసిపోయి ఉంది. ఇద్దరు భుజాలు పట్టి మోసుకొచ్చారు. వెనకాల అతని భార్య, చేపల గంపలో బట్టలూ సద్దీ పెట్టుకుని, గంప దొర్లకుండా తల మీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురుతో సహా వార్డులోకి నడిచి వచ్చింది. నర్సు గంప బయట పెట్టమంటే, "బయట పెడితే నీ కుక్కలు ఊరుకుంటాయామ్మా?" అని అడిగింది. నర్సే గంపను మంచం కిందికి నెట్టింది.

అతను తెప్ప మీద వెనక తెడ్డు వేసేవాడు. తెప్ప అంటే నాలుగు దుంగలు తాళ్ళతో బిగించి కట్టుకున్నదే. దాని మీద కూర్చునే చోటంటూ ఉండదు. దుంగల మీదే మోకాళ్ళు మడిచి, మడమల మీద కూర్చుని తెడ్డు వేస్తారు. ఒడ్డు దగ్గర అలలు విరిగే చోట, అల మీదికొచ్చేటప్పుడు వెనకవాడు మడమల మీద నుంచి మోకాళ్ళ మీదికి లేచి, ఒళ్ళంతా బరువు పెట్టి తెడ్డు దించి, తెప్ప మూతిని అలకు ఎదురుగా నిలబెట్టాలి. ఆ లేవడం ఒక్క క్షణం ఆలస్యమైతే తెప్ప అడ్డం తిరిగి బోర్లాపడుతుంది. ముందు తెడ్డు అతని మామది, అంటే భార్య తండ్రిది. తెప్పా ఆయనదే. వెనక తెడ్డు అల్లుడికి ఇచ్చాడు. ఆయనకు ఎదిగిన కొడుకు ఒకడున్నాడు, ఆ తెడ్డు కోసం కాచుకుని ఉన్నాడని వార్డులో అందరికీ రెండో రోజుకే తెలిసింది. చెప్పింది ఆ భార్యే. "నా మొగుడు లేస్తే మా తమ్ముడికి లేదు. మా తమ్ముడికి వొస్తే నా మొగుడు ఒడ్డున వలలు అల్లుకుంటా కూచోవాల. నేను ఎవురి పక్క మొక్కేది గంగమ్మకి?" అని నర్సును అడిగిందట.

సర్జన్ గారు మోకాలు తెరిచారు. లోపలి దిండు నిలువునా చిరిగి, చిరిగిన అంచు ఎముకల మధ్య ఇరుక్కుని ఉంది. అప్పట్లో మాకు నేర్పిన పద్ధతి ఒకటే. చిరిగిన ముక్కొకటే తీస్తే మిగిలింది మళ్ళీ చిరుగుతుంది కాబట్టి మొత్తం తీయాలి. తీశారు. పళ్ళెంలో పెట్టి వరండాలోకి తెచ్చారు.

ఆమె పళ్ళెం మీదికి వంగి చాలాసేపు చూసింది. తెల్లగా, నెలవంక ఆకారంలో, బయటి అంచు మందంగా, లోపలి అంచు పలచగా ఉంది. "ఇది నా చుట్టకుదురు మాదిరి ఉండాదే" అంది. "సగం తెగిన కుదురు. ఇది తీసేస్తే గంప ఎట్టా నిలస్తాది సామీ?"

సర్జన్ గారికి ముచ్చటేసింది. "తెలివిగల దానివే. అది కుదురే. చిరిగిపోయిన కుదురు ఉంటే ఎంత, లేకుంటే ఎంత?" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయారు. ఆయనకు అది అయిపోయిన మాట. ఆమెకు కాలేదు.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. తొడ ఎముక కింది కొస గుండ్రంగా ఉంటుంది, కుండ అడుగులాగా. కాలి ఎముక పై భాగం దాదాపు చదును. చదును మీద గుండ్రటిది నిలవాలంటే చుట్టూ ఏదో ఒకటి ఎత్తుగా ఉండాలి. ఆ మెత్తటి దిండు చేసే పని అదే. బరువును చుట్టూ పంచుతుంది, కుండ దొర్లకుండా చూస్తుంది. అది తీసేస్తే మోకాలు రేపే కూలిపోదు. కానీ బరువంతా చిన్న చోట పడుతుంది. ఊగిసలాట పెరుగుతుంది. అప్పుడు కుండను ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి. ఆ చెయ్యి తొడ కండరం. కుదురు పోయిన మోకాలికి తొడే దిక్కు. నేను బొంబాయిలో నేర్చుకున్నదంతా ఈ ఒక్క వాక్యంలోకి కుదించవచ్చు.

కుట్లు విప్పాక అతనికి తొడ బిగించడం, మడమ జరుపుతూ మోకాలు వంచడం నేర్పి, వారం వారం రమ్మని చెప్పి పంపాను. ఆ వారమే వానలు పట్టాయి. స్వర్ణముఖి పొంగింది. బస్సులు ఆగిపోయాయి. ఆ తర్వాత మరో వాయుగుండం. వానలు వెలిసి, దారులు ఆరి, వాళ్ళు మళ్ళీ నా గది గుమ్మం తొక్కేసరికి రెండు నెలలకు దగ్గర పడింది. అతను తన కాళ్ళ మీదే నడిచి వచ్చాడు. ఒక కాలు కర్రలాగా చాచి, పక్కనుంచి తిప్పుకుంటూ వచ్చాడు.

పంచె పక్కకు తీసి చూశాను. తొడ సగం నుంచి పిక్క దాకా కోడిగుడ్డు సొనతో, మినప్పిండితో తడిపిన గుడ్డ చుట్టలు, వాటి మీద వెదురు బద్దలు, వాటి మీద మళ్ళీ చుట్టలు. ఎండి రాయిలా ఉంది. వాసన సంగతి చెప్పను. ఎవరు కట్టారని అడిగాను. తనే చెప్పి కట్టించానంది భార్య, తల ఎత్తుకునే.

"కుదురు తీసేసినారు గదా సామీ. లోపల ఖాళీ. కదిలిస్తే ఎముకలు ఒకదానితో ఒకటి రాసుకోవా? అందుకే కదలకుండా కట్టించినా. తడి తగలనిచ్చిందే ల్యా. ఇన్ని రోజులూ ఒక్క తూరి కూడా విప్పలా."

ఒక్కసారి కూడా విప్పలేదన్నది గొప్పగా చెప్పింది. రెండు నెలలు భర్తను పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది. కుదురు గురించి ఆమె చేసిన ఆలోచన సరైందే. ఆ సరైన ఆలోచన పట్టుకునే నేరుగా గోతిలోకి నడిచింది. కట్టు కోసి తీశాను. లోపల తొడ నా ముంజేయి మందం ఉంది. మోకాలు వంచబోతే వేలెడు వంగి ఆగిపోయింది. అతను నా చెయ్యి పట్టుకుని, "వొద్దు సామీ. రాసుకుంటాయి. మళ్ళా కట్టెయ్యి" అన్నాడు.

ఎంత చెప్పినా వినడు. ఎముకల బొమ్మ చూపించాను. కండరం గురించి చెప్పాను. ఇద్దరూ తల ఊపారు. ఊపి, మళ్ళీ కట్టెయ్యమన్నారు. నాకు కోపం నషాళానికి అంటింది. ఆ కోపంలో ఆమె మీదికి తిరిగి, "మీ తెప్పకు కట్టు కడతారే, దాన్ని కూడా ఇట్టాగే నెలల తరబడి విప్పకుండా పెట్టుకుంటారా?" అని అరిచాను. తెప్పల గురించి నాకు తెలిసింది సున్నా. ఊరికే నోటికొచ్చింది అడిగాను.

ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "నెలలేంది సామీ? ఏ పూటకాపూట విప్పేస్తాం. ఒడ్డుకు రాంగానే తాళ్ళు విప్పి దుంగలు వేరుచేసి ఇసకలో ఆరబెడతాం. కట్టినట్టే ఉంచితే నీళ్ళు తాగి కుళ్ళి బరువెక్కుతాయి. తెల్లారి మళ్ళా బిగించి..."

అక్కడ ఆగిపోయింది. అతను తన కాలు వైపు చూసుకున్నాడు. తొడ చేత్తో తడిమి, "రెండు నెలలు విప్పకపోతే దుంగ ఎట్టుంటాదో అట్టే ఉండాదే ఇది" అన్నాడు. తర్వాత భార్యతో, "ఇంక నువ్వు మాట్లాడబాక" అన్నాడు. ఆమె మాట్లాడలేదు. అది వాళ్ళ కాపురంలో అరుదైన సంగతని తర్వాత తెలిసింది.

అసలు గొడవ ఆ మధ్యాహ్నం సర్జన్ గారి దగ్గర వచ్చింది. ఆయన మోకాలు చూశారు, నడిపించారు. "నొప్పి ఉందా?" లేదన్నాడు. "వాపు?" లేదు. ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"ఇట్లాగే వదిలెయ్యవయ్యా. చాచిన కాలు గట్టిగా ఉంది. వలలు అల్లుకోవచ్చు, చేపలు ఎండబెట్టుకోవచ్చు. ఆ కాలు అతని జీవితాంతం ఉంటుంది."

"తెడ్డు వేయాలి సార్ అతను. మడమల మీద కూర్చోవాలి."

"దిండు లేని మోకాలిని అంత మడిచి, దాని మీద ఒళ్ళంతా బరువు పెట్టి లేస్తాడా రోజూ? అరుగుతుంది. నువ్వు వంచింది నేను కోసినదానికన్నా ఎక్కువ చెడుపు చేస్తుంది. అరిగాక నా దగ్గరికే తెస్తావు. అప్పుడు నా దగ్గర ఏమీ ఉండదు."

ఇందులో ఆయన తప్పు చెప్పలేదని మీకు తెలియాలి. అరుగుతుందని నాకూ తెలుసు. ఆయన మోకాలి వయసు గురించి మాట్లాడుతున్నారు. నేను మనిషి వయసు గురించి ఆలోచిస్తున్నాను. ఇద్దరిదీ నిజమే అయినప్పుడు ఎవరిని అడగాలి? నేను వెళ్ళి అతన్నే అడిగాను. వంచకపోతే కాలు ముసలితనం దాకా ఉంటుంది, వంచితే కొన్నేళ్ళకు అరుగుతుంది, ఎన్నేళ్ళకో నేను చెప్పలేను అని ఒక్కటీ దాచకుండా చెప్పాను. అతను ఒకే మాట అడిగాడు. "గంగమ్మ పొంగలి లోపల వంగతాదా?"

వానకారు అయిపోయి సముద్రం కుదుటపడ్డాక ఆ కుప్పంలో గంగమ్మకు పొంగలి పెట్టి తెప్పలు దించుతారు. ఆ రోజు వెనక తెడ్డు పట్టి అలలు దాటించినవాడికే ఆ ఏడాదంతా ఆ చోటు. మధ్యలో మార్చరు. మామ అప్పటికే కబురు పెట్టాడు. అల్లుడు కూర్చోలేకపోతే కొడుకు కూర్చుంటాడు. అందుకు ఇంకా నెలన్నర వ్యవధి ఉంది. వంగుతుందన్నాను. వంగుతుందో లేదో నాకు తెలియదు. అయినా అన్నాను.

ఆ నెల అతను వార్డులోనే ఉన్నాడు. పొద్దున మైనం పట్టు, ఆ తర్వాత కప్పీకి కాలు కట్టి వంచడం, సాయంత్రం ఇసుక సంచి కట్టుకుని కాలెత్తడం. నేను నొప్పి పెట్టకుండా పని చేయగలిగినవాణ్ణి కాదు. అతను ఏడ్చాడు, నన్ను తిట్టాడు, తిట్టినందుకు క్షమించమన్నాడు, మళ్ళీ తిట్టాడు. ఆమె మూలన కూర్చుని, అతను బరువెత్తినప్పుడల్లా తొడ మీద చెయ్యి వేసి గట్టిపడిందా లేదా చూసేది. "నిన్నటికన్నా గట్టి పడినాది" అని ఒకరోజు, "ఈ పొద్దు సోమరిపోతులాగా చేస్తావుండాడు" అని ఒకరోజు చెప్పేది. ఆమె చెయ్యి నా కొలత టేపుకన్నా నయమని ఒప్పుకోను. దానితో సమానమని ఒప్పుకుంటాను.

సగం వరకు వంగింది. అక్కడ మొరాయించింది. ఎంత వంచినా కుర్చీలో కూర్చునేంత వంపే, అంతకు మించి రాలేదు. సర్జన్ గారు గది ముందు నుంచి పోతూ ఆగి, "చాలదా?" అన్నారు. చాలదన్నాను. "మొండివాడివి" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు.

ఆస్పత్రి మంచం మీద ఈ మోకాలు వంగదని నాకు అప్పుడు తోచింది. ఏ పని కోసం వంగాలో ఆ పని దగ్గరికే తీసుకుపోవాలి. సెలవు పెట్టాను. సర్జన్ గారు సంతకం పెడుతూ, "మోకాలు వాడిది, సెలవు నీది. నాకేం పోయింది" అన్నారు. పెట్టి, కలం మూత బిగిస్తూ, "రోజూ వాపు చూడు. వాస్తే ఒక పూట ఆపు" అని కూడా అన్నారు. ఆయన పద్ధతి అంతే. వద్దంటూనే దారి చెప్పేవారు.

వాకాడులో దూరపు చుట్టాల ఇంట్లో దిగి రోజూ తెల్లవారేసరికి కుప్పానికి నడిచేవాణ్ణి. మామ మొదటి రోజే ఎదురొచ్చాడు. నల్లగా, ఎండిన తాడులాంటి మనిషి. "నాకు అల్లుడి మీద కోపమేం ల్యా అయ్యా. నా కొడుక్కి రెండు కాళ్ళు బాగుండాయి, ఈయనకి ఒకటే. సముద్రం ఎవురి మొగమూ చూడదు. వెనకోడు లేవకపోతే పొయ్యేది ఆయనొక్కడే కాదు, ముందు నేను గూడా ఉండా" అన్నాడు. నేను అల్లుణ్ణి పిలుచుకుని నీళ్ళ అంచుకు నడిచాను.

తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నేనూ పక్కనే కూర్చుని, ఇద్దరం కలిసి లేవడం మొదలుపెట్టాం. వెనక్కి దిగడం, తొడ బిగించడం, లేవడం. ఇసుక మోకాలి కింద ఒదిగి కాస్త సాయం చేసింది. రెండు మూడు రోజులకు అతని పిర్ర మడమకు జానెడు దూరంలోకి వచ్చింది. నా మోకాళ్ళు మాత్రం చర్మం లేచిపోయాయి. కుప్పంలో ఆడవాళ్ళకు అది మంచి కాలక్షేపమైంది. "ఆస్పత్రి అయ్యోరికి గూడా ఆపరేసను జేసినారా?" అని ఒకామె అడిగింది.

బావమరిది దూరంగా నిలబడి చూస్తుండేవాడు. పాతికేళ్ళ లోపు మనిషి, బలంగా ఉన్నాడు. వాడు వచ్చి నిలబడినప్పుడల్లా నాకు చిరాకేసేది. వెక్కిరించడానికి వచ్చాడనుకున్నాను. ఒక పొద్దున వాడు రెండు దుంగలు భుజాన వేసుకొచ్చి, మా ముందు పడేసి, తాళ్ళు బిగించి కట్టాడు.

"బావా, ఇసకలో లేస్తే ఏమొస్తాది? దుంగ మీద లెయ్" అన్నాడు. దుంగల కింద ఒక కర్ర అడ్డం పెట్టి, ఒక కొసన తను నిలబడి తొక్కుతూ అటూ ఇటూ ఊపసాగాడు. "అల వొస్తాంది బావా. ఇప్పుడు."

నేను పక్కకు జరిగాను. మోకాలి గురించి నాకు తెలుసు కానీ అల ఎప్పుడొస్తుందో వాడికి తెలుసు. ఊగే దుంగ మీద అతను మూడుసార్లు పడ్డాడు. నాలుగోసారి పడలేదు. వాడు ఇంకా గట్టిగా ఊపాడు. నువ్వెందుకు ఇదంతా చేస్తున్నావని తర్వాత వాణ్ణి పక్కకు పిలిచి అడిగాను. "తెడ్డు నాకు కావాల. కానీ కుంటోడి కాడ గుంజుకున్నాడని అనిపించుకుంటే నేను యాడ తిరిగేది అయ్యా?" అన్నాడు. వాడి మీద నాకున్న చిరాకు అక్కడ దిగిపోయింది.

పొంగలి నాటి పొద్దున గాలి తూర్పు నుంచి కొడుతోంది. అలలు నాకు ఇంటి ఎత్తు కనిపించాయి. అవి చిన్నవేనని కుప్పంవాళ్ళు అన్నారు. నేను వరి కయ్యల మధ్య పెరిగినవాణ్ణి, కాలవ కన్నా ఎక్కువ నీళ్ళు చూస్తే నాకు గుండె దడ. మామ ముందు, అల్లుడు వెనక. నలుగురు తెప్పను నీళ్ళలోకి నెట్టారు. అందులో బావమరిది కూడా ఉన్నాడు. అల్లుడు దుంగల మీద మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చున్నాడు. ఆపరేషనైన కాలు వైపు కొంచెం ఎత్తుగా ఉన్నా కూర్చున్నాడు. నా పక్కన అతని భార్య తల మీది చుట్టకుదురు తీసి రెండు చేతులతో పిసుకుతోంది.

మొదటి అలకు లేచాడు. తెప్ప మూతి పైకి లేచి, దిగింది. రెండో అల వెంటనే వచ్చింది, అంత వెంటనే వస్తుందని నేననుకోలేదు. అతను దిగాడు, మళ్ళీ లేవాలి, లేవలేదు. తెప్ప తల కొంచెం పక్కకు తిరగడం ఒడ్డు నుంచే కనిపించింది. ముందున్న మామ వెనక్కి తిరిగి చూడలేదు. వెనకవాణ్ణి తిరిగి చూడడం వాళ్ళలో అవమానం కింద లెక్క. చూడకుండా, తన తెడ్డు తను వేస్తూ పోయాడు. ఒడ్డున బావమరిది నడుము లోతు నీళ్ళలో నిలబడి, "బావా, తొడ" అని ఒక్క కేక పెట్టాడు.

అతను లేచాడు. ఆ సన్నటి తొడ మీద ఒళ్ళంతా ఆనించి లేచి, తెడ్డు లోతుకు దించి, మూతిని తిప్పాడు. అల వాళ్ళ మీదుగా పోయింది. కాసేపు నురగ తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత అలల అవతల, నల్లగా రెండు తలలు, కింద దుంగలు కనిపించాయి. మూడో అల ఎప్పుడు దాటారో నేను చూడలేదు, ఎందుకంటే అప్పటికే ఇసుకలో కూలబడి ఉన్నాను.

"నీ కాళ్ళకేమైనాది సామీ?" అంది ఆమె. ఆమె బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, అయినా ఎత్తిపొడుపు మానలేదు.

వాళ్ళు తిరిగొచ్చాక బావమరిది తాళ్ళు విప్పి దుంగలు ఆరబెట్టాడు. నేను అతని కాలు చూశాను. కొంచెం వాపుంది. ఒక పూట కాలు కదపవద్దన్నాను. మామ నా ముందుకొచ్చి రెండు పెద్ద చేపలు నా సంచిలో పెట్టాడు. నెల్లూరు బస్సులో అందరూ నన్ను దిగిపొమ్మన్నారు.

సర్జన్ గారికి వెళ్ళి చెప్పాను. అంతా విన్నారు. "ఎన్నేళ్ళు?" అన్నారు. తెలియదన్నాను. "చూద్దాం" అన్నారు. ఆయన చూడకుండానే వేరే ఊరికి బదిలీ అయి వెళ్ళారు. పళ్ళెం చూపించే అలవాటు మాత్రం వెళ్ళేలోపే కొంచెం మార్చారు. చూపించాక నన్ను పిలిచి, "ఇప్పుడు నువ్వు చెప్పవయ్యా, ఏం చెయ్యాలో" అనేవారు. తీసింది చూపిస్తే సరిపోదు, తీశాక ఏం మిగిలిందో కూడా చెప్పాలని మేమిద్దరం ఆ ఏడు నేర్చుకున్నాం. మీరు ఎంత చిన్న గొట్టంతో ఎంత చిన్న ముక్క తీసినా ఇది మాత్రం మరిచిపోవద్దు.

అరవైలు అయిపోవస్తుండగా ఒక పొద్దున అతను నా గది గుమ్మంలో నిలబడ్డాడు. అదే గది. కప్పీ ఒకటి కొత్తది వచ్చింది, అంతే మార్పు. కాలు విల్లులాగా బయటికి వంగింది. మోకాలి మీద చెయ్యి వేసి వంచితే లోపల ఇసుక నలిగినట్టు అరచేతికి తెలిసింది. వంపు మాత్రం పూర్తిగా ఉంది. ఎక్స్‌రే తీయించి చూశాను. సర్జన్ గారు చెప్పింది చెప్పినట్టు జరిగింది. లోపలి వైపు ఎముకలు రెండూ ఒకదానినొకటి అంటుకుని ఉన్నాయి.

నాకు మనసు బాగా చెడింది. "ఆ రోజు వంచకుండా ఉంటే ఈ కాలు ఇంకా గట్టిగా ఉండేదయ్యా" అన్నాను. "నీకు చెప్పే వంచాను, అయినా నాకు బాధగానే ఉంది."

అతను ఆశ్చర్యపోయాడు. "దుంగ అరగతాదని తెప్పని ఒడ్డున పెట్టుకుంటారా సామీ?" అన్నాడు. అని, తన అలవాటు కొద్దీ బల్ల వదిలేసి నేల మీద మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు మొగం చిట్లించుకున్నాడు, కానీ కూర్చున్నాడు. నొప్పికి మందూ, ఎక్కువ దూరం నడవకుండా కర్రా కావాలని వచ్చానన్నాడు. సముద్రం మీదికి పోవడం ఈ ఏటితో మానేశానన్నాడు.

నేను ఆ మాటే అడగడానికి భయపడుతున్నాను. అడిగాను. "మరి వెనక తెడ్డు? మీ మామ తీసేసుకున్నాడా?"

"మామ పొయ్యి మూడేళ్ళాయె. మా బావమరిది ఇన్నేళ్ళూ ముందు తెడ్డే ఏసినాడు, ఒక్క మాట అన్ల్యా. ఈ పొంగలి నాడు నేనే ఆయన చెయ్యి పట్టుకొని వెనక కూచోబెట్టినా" అన్నాడు. మోకాలి మీద చెయ్యి వేసి ఒకసారి రుద్దుకున్నాడు. "ఎవురూ గుంజుకోలా సామీ. నేనే ఇచ్చినా."